ముందుగా భాష మార్చుకునేది ఎవరు? మాంట్రియల్ క్లినిక్‌లో జరిగిన ఒక చిన్న విషయం

వానపిట్ట (మాంట్రియల్)
ఆదివారం, రాత్రి 8:40

మా మామగారు తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. పోయిన వారం ఆయన మోకాలు బాగా వాచింది. దగ్గరలో ఉన్న ఒక క్లినిక్‌కు తీసుకువెళ్లాను. కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ మొదటి నుంచి చివరిదాకా ఫ్రెంచ్‌లోనే మాట్లాడింది. నాకు వచ్చిన ఫ్రెంచ్ రొట్టెలు కొనడానికి సరిపోతుంది కానీ, మోకాలు ఎప్పటి నుంచి వాచిందో, ఏ మందులు వాడుతున్నారో చెప్పడానికి సరిపోదు. ఇంగ్లీషులో అడిగాను. ఆవిడకు అర్థమైనట్టు ముఖంలో తెలుస్తూనే ఉంది. జవాబు మాత్రం ఫ్రెంచ్‌లోనే వచ్చింది, కాస్త నెమ్మదిగా. చివరికి వరుసలో మా వెనక ఉన్న ఒక పెద్దాయన ముందుకు వచ్చి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పి పని జరిపించారు. లోపల డాక్టరు హాయిగా ఇంగ్లీషులో మాట్లాడారు.

బయటికి వచ్చాక మామగారు ఒకే ప్రశ్న వేశారు. "ఆవిడకు ఇంగ్లీషు రాదా అమ్మా, లేక మాట్లాడదా?"

నాలుగేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, అయినా జవాబు చెప్పలేకపోయాను. ఆవిడను తిట్టడానికి ఇది రాయడం లేదు. కెనడా ఇంగ్లీషు, ఫ్రెంచ్ రెండు భాషల దేశం అంటారు, భాషా సహనం గురించి గొప్పగా చెబుతారు. అది కౌంటర్ దగ్గర ఎందుకు కనబడదు? ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లు చెప్పండి.

నల్లమల (కాల్గరీ)
ఆదివారం, రాత్రి 9:15

ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదండీ. రాకపోవడం కాదు, మాట్లాడకపోవడమే. 2021 జనాభా లెక్కల్లో ఫ్రెంచ్‌ను మొదటి అధికార భాషగా వాడేవారు దేశం మొత్తం మీద 21.4 శాతం. వాళ్ల కోసం ఇక్కడ కాల్గరీలో నా పాల డబ్బా మీద, పిల్లల దగ్గు మందు సీసా మీద రెండు భాషలూ అచ్చు వేస్తున్నారు. నేను పదకొండేళ్లలో ఆ రెండో వైపు ఒక్కసారి కూడా చదవలేదు. మేము ఇంత చేస్తుంటే, కాలు నొప్పితో వచ్చిన పెద్దమనిషికి ఒక్క ఇంగ్లీషు ముక్క చెప్పలేరా? సహనం అన్నది రెండు వైపులా ఉండాలి.

శేషు (మాంట్రియల్)
ఆదివారం, రాత్రి 11:50

వానపిట్ట గారూ, మామగారి మోకాలు ఇప్పుడెలా ఉంది? ముందు అది చెప్పండి.

నేను 1994లో ఈ ఊరు వచ్చాను. మరుసటి ఏడాది అక్టోబరు 30న, ఫ్రెంచ్ వారే ఎక్కువగా ఉన్న మా క్యూబెక్ ప్రావిన్సు (రాష్ట్రం) కెనడా నుంచి విడిపోవాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. నాకు ఇంకా ఓటు లేదు. వద్దన్నవారు 50.58 శాతం, తేడా 54,288 ఓట్లు. ఆ రాత్రి అప్పటి ముఖ్యమంత్రి జాక్ పారిజో వేదిక ఎక్కి, తాము ఓడింది డబ్బు వల్ల, వలస జాతుల ఓట్ల వల్ల అన్నాడు. గదిలో ఒక్కడినే కూర్చుని టీవీ చూస్తున్నాను. ఓటే లేని నన్ను కూడా ఆ లెక్కలో వేశారనిపించింది. మరునాడే ఆయన రాజీనామా ప్రకటించాడు. ఆ మాట మాత్రం పోలేదు. కాబట్టి నేను వీళ్ల వకీలును కాదని ముందే చెబుతున్నాను.

అయినా నాతో పనిచేసిన ఒక ముసలాయన చెప్పిన విషయం మరచిపోలేను. ఆయన తల్లి 1950లలో ఈ ఊళ్లోనే, ఫ్రెంచ్ వారే ఎక్కువగా ఉన్న మాంట్రియల్‌లోనే, నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద దుకాణంలో ఫ్రెంచ్‌లో గుడ్డ అడిగితే, అమ్మే అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదట. "తెల్లవాళ్లలా మాట్లాడు" అన్నది ఆ రోజుల్లో ఫ్రెంచ్ వారిపై ఇంగ్లీషు వారు విసిరే తిట్టు. ఫ్రెంచ్ వారు కూడా తెల్లవారే! తిట్టులో తర్కం వెతకకండి.

1963లో కేంద్రం వేసిన లారెండో-డంటన్ కమిషన్ 1961 లెక్కలు తీసి చూసింది. క్యూబెక్‌లో 14 జాతుల మగవారి సంపాదనను వరుసలో పెడితే, ఫ్రెంచ్ మూలాల వారిది 12వ స్థానం. సొంత ఇంట్లో చివరి బంతి భోజనం. దాని తర్వాతే 1969లో అధికార భాషల చట్టం వచ్చింది, 1977లో ఇక్కడ బిల్ 101 అనే ఫ్రెంచ్ భాషా చట్టం వచ్చింది. బోర్డులు, బడులు, ఉద్యోగాలు ఫ్రెంచ్‌లోకి మారాయి. కౌంటర్ దగ్గరావిడ మీతో ఫ్రెంచ్‌లో మాట్లాడింది ఇంగ్లీషు రాక కాకపోవచ్చు. ఆవిడ అమ్మమ్మ ఎప్పుడూ తానే భాష మార్చుకుంది. ఈవిడ మార్చుకోనంటోంది. అది మీ మామగారి మోకాలి మీద పడడం మాత్రం అన్యాయమే.

చెట్టుకింద (ఒట్టావా)
సోమవారం, ఉదయం 7:20

"ఎవరు మార్చుకుంటారు" అన్న మాట శేషు గారు సరిగ్గా పట్టుకున్నారు.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను. మా సమావేశానికి పది మంది వస్తే ఏడుగురి మాతృభాష ఫ్రెంచ్. వాళ్లలో వాళ్లు గలగలా మాట్లాడుకుంటూ లోపలికి వస్తారు. ఫ్రెంచ్ రాని ఒక్కరు తలుపు తీసుకుని లోపల అడుగు పెడతారు. అంతే, పది మందీ ఇంగ్లీషులోకి దిగిపోతారు. ఎవరూ ఆజ్ఞ వేయరు, ఎవరూ ఏమీ అనుకోరు. ఏళ్ల తరబడి ఆ ఒక్కరిని నేనే. నన్ను ఎంత మర్యాదగా చూస్తున్నారో అనుకునేదాన్ని. ఒక రోజు పక్క సీటు ఆయన పొరపాటున నాతో ఫ్రెంచ్‌లో ఒక ఛలోక్తి విసిరాడు. నాకు అర్థం కాలేదు. ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్చబోయి, మధ్యలో ఆపి, "వదిలేయండి" అన్నాడు. పదేళ్లుగా ఈ మనుషుల ఛలోక్తులన్నీ నా వల్ల ఆగిపోయాయని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. మాకు చదవడం, రాయడం, మాట్లాడడం మూడింటికీ విడివిడిగా ఏ, బీ, సీ స్థాయిల పరీక్షలు ఉంటాయి. రెండు భాషలు అవసరమైన ఉద్యోగంలో ఉండి ఆ స్థాయి అందుకుంటే ఏడాదికి 800 డాలర్ల భత్యం. దశాబ్దాలుగా అదే 800. దాని కోసం ఎవరూ నేర్చుకోరు, పదోన్నతి కోసం నేర్చుకుంటారు.

నల్లమల గారూ, మీరు చెప్పిన అదే లెక్కల్లో ఇంకో అంకె ఉంది. క్యూబెక్‌లో రెండు భాషలూ మాట్లాడగలిగినవారు 46.4 శాతం. క్యూబెక్ బయట 9.5 శాతం.

నల్లమల (కాల్గరీ)
సోమవారం, ఉదయం 8:05

9.5 శాతం ఎందుకంటే మిగతావారికి అవసరం లేదు కనుక. మా వీధిలో పంజాబీ వినబడుతుంది, తగలోగ్ వినబడుతుంది, ఫ్రెంచ్ వినబడదు. అవసరం లేని భాష రాలేదని ఒకరిని తప్పు పట్టడం ఏ న్యాయం? రేపు తలల లెక్కన పంజాబీని అధికార భాష చేయమంటే ఏం చెబుతారు?

చెట్టుకింద (ఒట్టావా)
సోమవారం, ఉదయం 8:30

తలల లెక్క కాదు కదండీ. 1867లో దేశం కట్టుకున్నప్పుడు రాజ్యాంగ చట్టం 133వ సెక్షన్‌లో రాసుకున్న మాట అది. పార్లమెంటులోనూ, క్యూబెక్ శాసనసభలోనూ, రెండింటి కోర్టుల్లోనూ రెండు భాషలూ వాడవచ్చని. చూడండి, క్యూబెక్‌లో ఉన్న ఇంగ్లీషు వారికి కూడా అప్పుడే రక్షణ రాశారు. మరి ఇటువైపు ఏం చేశారు? మానిటోబా 1890లో ఫ్రెంచ్‌ను చట్టం నుంచి తీసేసింది. అది చెల్లదని సుప్రీంకోర్టు తేల్చడానికి 1979 రావాల్సి వచ్చింది. మా అంటారియో 1912లో 17వ నిబంధన పెట్టి, మొదటి రెండు తరగతులు దాటాక ఫ్రెంచ్‌లో పాఠం చెప్పకూడదంది. ఒట్టావాలో గీగ్ బడి దగ్గర 1916లో తల్లులు టోపీలకు పెట్టుకునే పొడవాటి పిన్నులు చేతపట్టుకుని, టీచర్లను పట్టుకోవడానికి వచ్చిన పోలీసులను తరిమారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది, దాని ముందు నుంచి నేను చాలాసార్లు నడిచి వెళ్లాను.

క్లినిక్ విషయం గనుక ఇంకొకటి. 1997లో అంటారియో ప్రభుత్వం ఒట్టావాలోని మోంఫోర్ ఆసుపత్రిని మూసేయబోయింది. ప్రావిన్సు మొత్తంలో ఫ్రెంచ్‌లో వైద్యమూ వైద్యవిద్యా నడిచే పెద్ద ఆసుపత్రి అదొక్కటే. జనం పోరాడి, కోర్టుకు వెళ్లి, 2001లో గెలిచారు. నొప్పిలో ఉన్నప్పుడు మనిషికి తల్లి భాషే నోటికి వస్తుందన్నది వాళ్ల వాదన. మీ మామగారికి తెలుగు మాట్లాడే నర్సు దొరికి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి, వాళ్ల గోడు అర్థమవుతుంది.

కొత్తబడి (హైదరాబాద్)
సోమవారం, మధ్యాహ్నం 12:10

పెద్దల చర్చ మధ్యలోకి వస్తున్నందుకు క్షమించండి. నేను శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టబోతున్నాను. పాయింట్ల కోసం ఏడాదిగా ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. ఏడో స్థాయి అందుకుంటే అదనపు పాయింట్లు వస్తాయి, 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చిన వారికి విడిగా ఎంపికలు కూడా జరుగుతున్నాయి. అయితే దిగేది టొరంటోలోనే. ఇలా పాయింట్ల కోసం నేర్చుకున్న ఫ్రెంచ్‌ను అక్కడి ఫ్రెంచ్ వారు చిన్నచూపు చూస్తారా?

శేషు (మాంట్రియల్)
సోమవారం, మధ్యాహ్నం 12:45

చూడరు నాయనా. క్రియాపదాల పట్టికలు బట్టీ పట్టి వచ్చిన వాళ్లను చూస్తే వాళ్లకు ముచ్చటే. మీకు వచ్చే చిక్కు వేరు. మీకు నేర్పేది పారిస్ ఫ్రెంచ్. ఇక్కడ దిగి మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాదు. తెనాలి తెలుగు నేర్చుకున్నవాడు ఆదిలాబాద్ సంతలో దిగినట్టు ఉంటుంది. పారిస్‌లో రోడ్డు మీద ఎర్ర బోర్డు "స్టాప్" అంటుంది. ఇక్కడ "ఆరే" అంటుంది, ఫ్రెంచ్‌లో ఆగమని. ఫ్రాన్సు వారికి లేని పట్టింపు వీళ్లకు ఎందుకంటే, ఫ్రాన్సు చుట్టూ ఇంగ్లీషు సముద్రం లేదు.

హోసూరు అన్నపూర్ణ
సోమవారం, సాయంత్రం 5:30

నేను కెనడా చూడలేదు, చూసే యోగమూ కనబడడం లేదు. అయినా ఇది చదువుతుంటే మా ఊరి కథలా ఉంది.

మేము తరాలుగా హోసూరులో తెలుగువాళ్లం. మా బంధువులు ఇల్లు దాటితే తమిళం, ఇంకో పక్కకు పోతే కన్నడం మాట్లాడతారు. నేను తెలుగు బడిలో పంతులమ్మగా చేశాను. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళం నేర్చుకోవడం తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి వచ్చింది. పదో తరగతికి చేరేసరికి తెలుగు పిల్లల పరీక్ష ఏ భాషలో అని కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. తమిళం మీద నాకు కోపం లేదు. నా కూరగాయల బేరం అంతా అందులోనే. మా పిల్లలకు తమిళం రావాల్సిందే. కానీ తెలుగు పోవాలని ఎక్కడుంది?

తమాషా ఏమిటంటే, తమిళం వారి భయం కూడా నాకు అర్థమవుతుంది. హిందీ మీద వారి పోరాటం చూస్తే వారు క్యూబెక్ వారిలాగే కనబడతారు. ఢిల్లీ ముందు వారు చిన్నవారు, మా ముందు పెద్దవారు. ఒకే మనిషి ఒక గుమ్మంలో దెబ్బ తిని ఇంకో గుమ్మంలో దెబ్బ కొట్టగలడు. శేషు గారూ, క్యూబెక్‌లో ఉన్న ఇంగ్లీషు ముసలమ్మల సంగతి ఏమిటి? వాళ్ల గురించి ఎవరూ రాయలేదు.

శేషు (మాంట్రియల్)
సోమవారం, రాత్రి 10:20

అన్నపూర్ణమ్మ గారూ, నమస్కారం. నేను దాటేసిన చోటే పట్టుకున్నారు.

వాళ్ల సంగతి చెబుతాను. మా పాత ఇంటి కింది వాటాలో ఒక ఇంగ్లీషు వృద్ధురాలు ఉండేవారు. బిల్ 101 తర్వాత ఆమె తోబుట్టువులు, పిల్లలు ఒక్కొక్కరే టొరంటో వెళ్లిపోయారు. 1978లో ఒక పెద్ద బీమా సంస్థ కేంద్ర కార్యాలయాన్ని తరలిస్తున్నట్టు ప్రకటించింది, వెనక చాలామంది బయలుదేరారు. ఈమె వెళ్లలేదు. అరవై దాటాక ఫ్రెంచ్ నేర్చుకున్నారు. పోస్టుమ్యాన్‌తో ఫ్రెంచ్‌లో పోట్లాడేవారు, ఆ పోట్లాట చూడడానికి నేను కిటికీ తీసేవాడిని. అటువంటి వారికి 2022లో వచ్చిన బిల్ 96 అనే కొత్త భాషా చట్టం మళ్లీ గుండెల్లో రాయి వేసింది. వలస వచ్చినవారితో ఆరు నెలల తర్వాత ప్రభుత్వ కార్యాలయాలు ఫ్రెంచ్‌లోనే వ్యవహరించాలన్నది అందులో ఒక అంశం. ఆరోగ్యం, ప్రజల భద్రత, సహజ న్యాయం అవసరమైన చోట మినహాయింపు ఉంది. కాబట్టి వానపిట్ట గారూ, ఆ కౌంటర్ దగ్గరావిడ ఇంగ్లీషులో చెబితే ఏ చట్టమూ ఆమెను పట్టుకునేది కాదు. అయితే చట్టాన్ని సెక్షన్లు చూసి ఎవరు పాటిస్తారు? భయం చూసి పాటిస్తారు.

అతి కూడా జరిగింది. 2013లో భాషా కార్యాలయం వారు ఒక ఇటాలియన్ హోటల్‌కు, మెనూలో "పాస్తా" వంటి మాటలకు ఫ్రెంచ్ ఏదని ఉత్తరం రాశారు. ఊరంతా నవ్వింది, ఫ్రెంచ్ పత్రికలు కూడా. 2017లో శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసి, దుకాణాల వారిని ఫ్రెంచ్, ఇంగ్లీషు పలకరింపులు కలిపిన "బోంజూర్-హాయ్" మానేసి "బోంజూర్" మాత్రమే అనమంది. నాకు ఆ "బోంజూర్-హాయ్" ఇష్టం. వచ్చిన మనిషిని రెండు గుమ్మాల్లోంచి పిలవడం అది. తీర్మానాలు చేసి ఆపాల్సిన పాపం కాదు.

వేదిక నిర్వాహకులు
మంగళవారం, ఉదయం 9:00

ఒక సందేశం తొలగించాం. చట్టాలను విమర్శించండి, ఒక జాతి మొత్తాన్ని జంతువుతో పోల్చవద్దు. ఏ భాష వారినైనా సరే.

మంచుదారి (మాంక్టన్)
మంగళవారం, ఉదయం 10:35

అందరూ మాంట్రియల్ చుట్టూ తిరుగుతున్నారు. అధికారికంగా రెండు భాషలున్న ప్రావిన్సు దేశంలో ఒక్కటే, మా న్యూ బ్రన్స్‌విక్. నేను ఉండే మాంక్టన్ పేరు రాబర్ట్ మాంక్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారిది. 1755 నుంచి ఇక్కడి ఫ్రెంచ్ వారిని, అంటే అకేడియన్లను, ఊళ్లు తగులబెట్టి ఓడలు ఎక్కించి తరిమేశారు. అందులో ఆయన చేయి ఉంది. తరిమినవారి మనవలు తిరిగి వచ్చి, 1963లో ఇదే ఊళ్లో ఫ్రెంచ్ విశ్వవిద్యాలయం పెట్టుకున్నారు. దాని పేరు కూడా మాంక్టనే! పేరు మార్చాలన్న గొడవ 2023లో గట్టిగా లేచింది. మా పక్కింటి అకేడియన్ ముసలాయనను అడిగితే, "ఆ పేరు కింద మేము ఫ్రెంచ్‌లో చదువుకుంటున్నాం, ఆయనకు అంతకంటే పెద్ద శిక్ష ఏముంది?" అన్నాడు. వాళ్ల అమ్మాయి మాత్రం ఈ మాటకు తండ్రితో రెండు రోజులు మాట్లాడలేదు.

1968లో మేయర్ లియొనార్డ్ జోన్స్ నగరసభలో ఫ్రెంచ్‌ను చేరనీయలేదు. విద్యార్థులు ఊరేగింపు తీశారు, ఇద్దరు కుర్రాళ్లు ఆయన గుమ్మానికి పంది తల పట్టుకువెళ్లి ఇచ్చారు. అదే నగరం 2002లో తనను తాను ద్విభాషా నగరంగా ప్రకటించుకుంది. అంతా సుఖాంతం అనుకోకండి. 2018 ప్రావిన్సు ఎన్నికల్లో, అంబులెన్సు సిబ్బందికి రెండు భాషలు తప్పనిసరి అనడాన్ని వ్యతిరేకించిన ఒక చిన్న పార్టీ 3 స్థానాలు గెలిచింది. పల్లెల్లో రెండు భాషలు వచ్చినవారు దొరక్క బండ్లు ఆగిపోతున్నాయని ఒకరు, గుండెనొప్పి వచ్చిన మనిషి పరాయి భాషలో చెప్పుకోవాలా అని మరొకరు. ఇద్దరివీ నిజమైన భయాలే.

ఇక్కడి కుర్రకారు మాట్లాడేది షియాక్ అనే కలగాపులగం. ఇంగ్లీషు "పార్కు"కు ఫ్రెంచ్ క్రియ తోక తగిలించి "పార్కే" అంటారు, మనం "పార్కు చేశాను" అన్నట్టే. మాంట్రియల్ వారు దీన్ని విని ముక్కు విరుస్తారు. పారిస్ వారు మాంట్రియల్ వారిని విని ముక్కు విరుస్తారు. ఆ మెట్ల వరుస చూస్తే నాకు మన యాసల వెక్కిరింతలే గుర్తొస్తాయి.

తోటమాలి (టొరంటో)
మంగళవారం, మధ్యాహ్నం 1:15

మా వైపు ఒక వింత. ఫ్రెంచ్ ఇమ్మర్షన్ బడిలో, అంటే ఇంగ్లీషు పిల్లలకు ఫ్రెంచ్‌లో పాఠాలు చెప్పే బడిలో, సీటు కోసం తల్లిదండ్రులు తహతహలాడతారు. నేనూ అందులో ఒకడిని. ఈ పద్ధతి 1965లో మాంట్రియల్ పక్కన సాంలాంబేర్‌లో, తమ పిల్లలు పక్కింటి ఫ్రెంచ్ వారితో మాట్లాడలేకపోతున్నారని బాధపడిన ఇంగ్లీషు తల్లుల పట్టుదలతో మొదలైందట. ఇప్పుడు మా అబ్బాయి ఏడేళ్లుగా ఫ్రెంచ్‌లో లెక్కలు చేస్తున్నాడు, కానీ తనంత తానుగా ఒక్క ఫ్రెంచ్ పిల్లవాడితోనూ మాట్లాడలేదు. వాడికి ఫ్రెంచ్ ఒక సబ్జెక్టు, మనకు పదో తరగతిలో సంస్కృతంలాగా. నూటికి తొంభై తొమ్మిది వస్తాయి, నోట్లోంచి వాక్యం రాదు.

నల్లమల (కాల్గరీ)
మంగళవారం, మధ్యాహ్నం 2:00

అదే నేను మొదటి నుంచి చెబుతున్నది. అంత డబ్బు, అంత చట్టం, చివరికి సంస్కృతం. తొలగించిన సందేశం నాది కాదని కూడా మనవి. అంటారియో బడుల సంగతి నాకు తెలియదు, అది తప్పే. కానీ 1916 నాటి తప్పుకు ఇవాళ తెనాలి నుంచి వచ్చిన పెద్దాయన వడ్డీ కట్టాలా?

వానపిట్ట (మాంట్రియల్)
మంగళవారం, రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. మామగారి వాపు తగ్గింది. ఈ చర్చ మొత్తం ఆయనకు చదివి వినిపించాను. పంది తల దగ్గర పెద్దగా నవ్వారు. నల్లమల గారూ, వడ్డీ మాట విని "ఆ కుర్రాడు సరిగ్గానే అడిగాడు" అన్నారు, మీకు చెప్పమన్నారు.

ఒక విషయం రాయాలి. మా అమ్మాయి చట్టప్రకారం ఫ్రెంచ్ బడికే వెళుతోంది. అక్కడి ఫ్రెంచ్ తిట్లన్నీ చర్చి సామాన్ల పేర్లట, పూజాపాత్ర వగైరా. ఒక రోజు పాలు ఒలికితే "తాబర్నాక్" అంది, దేవుడి మందసం అన్నమాట. దాని తప్పు ఏమిటో తాతగారికి ఎంత చెప్పినా అర్థం కాలేదు. దేవుడి పేరు తలుచుకుంది కదా అంటారు.

అయితే నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. నేను తెలుగులో అడుగుతాను, అది ఫ్రెంచ్‌లోనో ఇంగ్లీషులోనో జవాబు చెబుతుంది, నేను వెంటనే ఆ భాషలోకి మారిపోతాను. మారిపోతున్నానని కూడా తెలియదు. తాతగారు మాత్రం మారరు, మారలేరు. ఆయనతో అది తెలుగులోనే మాట్లాడుతోంది, తప్పుల తడకగా. రెండు నెలల్లో నా నాలుగేళ్ల ప్రయత్నం కంటే ఎక్కువ నేర్చుకుంది. కౌంటర్ దగ్గరావిడ గుర్తొచ్చింది. ఆవిడ మీద కోపం పూర్తిగా పోయిందని అనను.

హోసూరు అన్నపూర్ణ
బుధవారం, ఉదయం 6:10

తాతగారిని ఇంకో ఆరు నెలలు ఉంచుకో తల్లీ.

వానపిట్ట (మాంట్రియల్)
శుక్రవారం, సాయంత్రం 6:45

చిన్న చేర్పు. ఈ రోజు మళ్లీ అదే క్లినిక్‌కు వెళ్లాం. మూడు రాత్రులు కూర్చుని వాక్యాలు రాసుకున్నాను. మోకాలు, వాపు, మందుల పేర్లు, అన్నీ. అదే కౌంటర్, అదే మనిషి. "బోంజూర్" అని మొదలుపెట్టి, రాసుకున్నవన్నీ తడబడుతూ అప్పజెప్పాను. ఆవిడ మొత్తం ఓపికగా విని, నవ్వి, చక్కటి ఇంగ్లీషులో జవాబు చెప్పింది.

నాకు ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను.

శేషు (మాంట్రియల్)
శుక్రవారం, రాత్రి 7:05

ఈసారి ఆవిడ ఇంగ్లీషులోకి దిగగానే "జె కోంతిన్యూ ఆన్ ఫ్రాన్సే" అనండి, నేను ఫ్రెంచ్‌లోనే కొనసాగిస్తానని. నాకు ఆ వాక్యం నేర్పింది కింది వాటా ఇంగ్లీషు ముసలమ్మగారే.